తొట్టి తళతళలాడితే చాలదు: రంగు చేపల నీళ్ళ గురించి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో రంగు చేపల సంఘం తరఫున చేసిన ప్రసంగం)



జీవనోపాధుల కింద ఏ సంఘం ఏం చేస్తోందో చెప్పమన్నారు. మాది రంగు చేపల పెంపకం. పదిమందిమి ఉన్నాం, అందులో నలుగురి పెరళ్ళలో సిమెంటు తొట్లు ఉన్నాయి. గప్పీలు, మోలీలు పెంచి చుట్టుపక్కల ఊళ్ళకి అమ్ముతున్నాం. జమాఖర్చులు వేరే పేజీలో వేశారు కాబట్టి అవి మళ్ళీ చదవం. మీలో చాలామంది మేం కూడా మొదలుపెడతాం అని అడుగుతున్నారు. అందుకని ఈ పూట నీళ్ళ గురించే మాట్లాడతాం.

ఈ పనిలో తగువు ఎక్కడొస్తుందంటే, చేప అమ్మాక వస్తుంది. ఒకాయన టౌనులో కొత్త గాజు తొట్టి కొని, అదే రోజు మా దగ్గర ఆరు జతల గప్పీలు పట్టుకెళ్ళారు. వారం తిరక్కుండా సగం పైన చచ్చిపోయాయి. వాటిని కవరులో వేసుకుని సరిగ్గా మా వి.ఓ. సమావేశం జరుగుతుండగా వచ్చి, డ్వాక్రా ఆడవాళ్ళు రోగం చేపలు అంటగట్టారు అన్నారు. ఆ బ్యాచి చేపలే మా తొట్లో గంతులేస్తున్నాయి. మా సంఘంలోనే ఒక అక్క డబ్బులిచ్చేద్దాం, పేరు పోతుంది అంది. ఇంకో అక్క, ఒకరికిస్తే ఊరంతా వస్తారు, అప్పుడు బ్యాంకు కిస్తీ ఎవరు కడతారు అంది. ఇద్దరి మాటా నిజమే. చివరికి, ముందు ఆ నీళ్ళు చూసొద్దాం అని కిట్టు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాం.

నీళ్ళు అద్దంలా ఉన్నాయి. తాగొచ్చు అనిపించేలా ఉన్నాయి. కిట్టులో ఉన్న చుక్కలు వేస్తే పసుప్పచ్చగా ఉండాల్సినది ముదురు ఆకుపచ్చకి తిరిగింది. అంటే అమ్మోనియా.

మన కైకలూరు, భీమవరం వైపు చెరువుల రైతులకి ఈ మాట కొత్త కాదు, ల్యాబుకి నీళ్ళు పట్టుకెళ్ళేది దీని కోసమే. కానీ గాజు తొట్టికి కూడా అదే లెక్క అని చాలామందికి తెలియదు. చేప మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. తినగా మిగిలిన మేత, రెట్ట, రాళ్ళ వెనకాల ఎవరూ చూడని చచ్చిన చేప, ఇవన్నీ కుళ్ళినా అదే వస్తుంది. చెరువు, కాలవ పెద్దవి కాబట్టి కొంత సర్దుకుంటాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో పది అంగుళాల నీళ్ళు పెడితే 47 లీటర్లు. మూడు బిందెల నీళ్ళు అనుకోండి. ఎక్కడికి పోతుంది?

పోయే దారి ఒకటుంది. పొలంలో యూరియా వేస్తే అది అమ్మోనియాగా మారి, దాన్ని నేలలో సూక్ష్మజీవులు నైట్రేట్ చేస్తాయని రైతు సమావేశాల్లో విన్నాం కదా. అలాంటి జీవులే తొట్టిలోనూ ఉంటాయి. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. పేర్లు కవల పిల్లల్లా ఉంటాయి గానీ గుణం వేరు. నైట్రైట్ కూడా విషమే. అది చేప నెత్తుట్లో చేరితే నెత్తురు చాక్లెట్ రంగుకి తిరిగి, గాలి మోయడం మానేస్తుంది. మోటారు బుడబుడ ఆడుతున్నా చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటే దీన్నే అనుమానించాలి. గప్పీలకైతే 50 లీటర్లకి 25 గ్రాముల కల్లుప్పు వేసి ఆ గండం తప్పిస్తాం, ఉప్పు వల్ల నైట్రైట్ లోపలికి ఎక్కడం తగ్గుతుంది. అయితే ఉప్పు అమ్మోనియాకి మందు కాదు. ఆఖరున వచ్చే నైట్రేట్ మెతక రకం. అది పేరుకున్నాక నీళ్ళు మార్చి తీసేస్తాం. మనం తాగే నీళ్ళకే లీటరుకి 45 మిల్లీగ్రాముల వరకు హద్దు పెట్టారు. మేం తొట్లలో 40 దాటనివ్వం.

ఈ జీవులు కొత్త తొట్టిలో ఉండవు. గాజు కొత్తది, రాళ్ళు కొత్తవి, స్పాంజ్ కొత్తది. వాటంతట అవి చేరి రెండు రకాలూ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది, అప్పుడు నైట్రేట్ కనపడుతుంది. ఆ మధ్యలో పన్నెండు చేపల్ని దింపితే చావక ఏం చేస్తాయి? ఆయన ఇంట్లో జరిగింది అదే.

మన నీళ్ళ గుణం కూడా చూసుకోవాలి. పీహెచ్ 7 దగ్గర, 30 డిగ్రీల వేడిలో, ఉన్న అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం నూటికి ఒకటి కూడా ఉండదు. అదే పీహెచ్ 8 అయితే నూటికి ఏడు దాటుతుంది. కిట్టులో రంగు రెండు తొట్లకీ ఒకటే చూపిస్తుంది, ఒకదాంట్లో చేప బతికుంటుంది, ఒకదాంట్లో తేలుతుంది. బోరు నీళ్ళు చాలాచోట్ల 8 దగ్గర ఉంటాయి. కిటికీ పక్కన ఎండ పడేచోట తొట్టి పెడితే నాచు పట్టి మధ్యాహ్నానికి పీహెచ్ ఇంకా ఎక్కుతుంది. అందం కోసం కిటికీ దగ్గర పెట్టొద్దని మేం ప్రతి ఒక్కరికీ చెప్తాం. వినేవాళ్ళు తక్కువ.

ఇక ఆరు వారాలు ఖాళీ తొట్టిని ఎవరు చూస్తూ కూర్చుంటారు అంటారు. పాలు తోడెట్టకుండా పెరుగు కావాలంటే ఎలా? మా పాత తొట్లో నడుస్తున్న స్పాంజ్ ఫిల్టరు నుంచి ఒక ముక్క ఇచ్చి కొత్త ఫిల్టరు పక్కన పెట్టమంటాం. ఆ జిగురు, ఆ మట్టి రంగు మడ్డి చూసి కొందరు ముఖం చిట్లిస్తారు. అదే తోడు. దాంతో వారం, రెండు వారాల్లో తొట్టి దారికొస్తుంది. అప్పుడు కూడా ఒక్క జత వేసి, మేత చిటికెలో సగం వేసి, చుక్కలతో చూసుకుంటూ పెంచాలి. కిట్టు ఖరీదు ఎక్కువే, అందుకే సంఘానికి ఒకటి చాలు, ఇల్లిల్లూ కొనక్కర్లేదు.

అందరికన్నా ఎక్కువ చేపల్ని చంపేది ఆదివారం శుభ్రం. చేపల్ని బకెట్లోకి తీసి, నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళు సర్ఫ్‌తో తోమి, స్పాంజ్‌ని కుళాయి కింద పిండి తళతళలాడిస్తారు. ఇల్లు ముచ్చటగా ఉంచుకునే ఆడవాళ్ళే ఎక్కువగా చేస్తారు ఈ పని, తప్పు పట్టడానికి లేదు, మనకి చిన్నప్పటి నుంచి నేర్పింది అదే. కానీ ఆ జీవులు నీళ్ళలో ఈదుతూ ఉండవు, రాళ్ళకి, స్పాంజ్‌కి అంటుకుని ఉంటాయి. సబ్బుతో, బ్లీచింగ్ నీళ్ళతో కడిగితే తొట్టి మళ్ళీ మొదటి రోజుకి వెళ్ళిపోయినట్టే, పైగా ఈసారి చేపలు నిండా ఉన్నాయి. వారానికొకసారి నాలుగో వంతు నీళ్ళు, అంటే ఒక పన్నెండు లీటర్లు, పైపుతో అడుగు నుంచి లాగి కొత్తవి పోస్తే చాలు. స్పాంజ్ మురికి పడితే ఆ లాగిన నీళ్ళలోనే రెండుసార్లు పిండి పెట్టేయాలి. ఆ మురికి నీళ్ళు పారబోయకండి, కరివేపాకు మొక్కకి పోయండి, నైట్రేట్ అంటే దానికి ఎరువే.

పోసే నీళ్ళు పంచాయతీ కుళాయివైతే ముందు రోజే వెడల్పు బకెట్లో మూత లేకుండా ఉంచాలి, క్లోరిన్ పోతుంది. వేసవిలో మిట్టమధ్యాహ్నం పైపు నీళ్ళు కాగుతుంటాయి, చల్లారాకే పోయాలి. బోరు నీళ్ళయితే మోటారు పెట్టి రాత్రంతా గాలి ఆడించాలి. కాలవలో దొరికే అంతర తామర నాలుగు మొక్కలు వేస్తే అమ్మోనియా, నైట్రేట్ రెండూ కొంత పీలుస్తాయి. బాగా కడిగి, నత్తలు ఏరి, నాలుగు రోజులు వేరే బకెట్లో ఉంచి వేయాలి. పొలాల్లో మందు కొట్టిన రోజుల్లో మాత్రం కాలవ మొక్క ముట్టుకోం.

కరెంటు పోయినప్పుడు చేపలకే కాదు, ఆ జీవులకీ గాలి అందదు. గంట, రెండు గంటలు ఫరవాలేదు. అంతకు మించితే చెంబుతో నీళ్ళు తీసి పైనుంచి పోస్తూ ఉంటాం, ఆ పూట మేత మానేస్తాం. మేత విషయంలో ఒకటే మాట: రెండు నిమిషాల్లో తినేంత. పిల్లలు మరమరాలు, బిస్కెట్లు వేస్తారు, వాళ్ళకి తెలీదు పాపం.

ఇప్పుడు మా దగ్గరికి ఎవరు చేపకి వచ్చినా ముందు, తొట్టి పెట్టి ఎన్నాళ్ళయింది అని అడుగుతాం. నిన్న పెట్టాం అంటే స్పాంజ్ ముక్క ఇచ్చి పంపిస్తాం, చేప ఇవ్వం. పిల్లాడు ఏడుస్తున్నాడు, ఇవ్వండమ్మా అంటారు. కొందరు కోపంతో వేరే చోట కొనుక్కుంటారు. ఆ బేరం పోతే పోనీ అని సంఘంలో తీర్మానం రాసుకున్నాం. ఆ కవరు పట్టుకొచ్చిన ఆయనకి డబ్బులివ్వలేదు గానీ, తొట్టి కుదిరాక రెండు జతలు ఊరికే ఇచ్చాం. ఇవ్వాల్సింది కాదని మాలో ఇద్దరు ఇప్పటికీ అంటున్నారు.

మొదలుపెట్టే సంఘాలకి స్పాంజ్ ముక్కలు మా దగ్గరున్నాయి, డబ్బులక్కర్లేదు. వచ్చేటప్పుడు మూతున్న డబ్బా తెచ్చుకోండి. మా తొట్టి నీళ్ళు సగం పోసి అందులోనే ముక్క వేసి ఇస్తాం. దారిలో ఎండలో పెట్టకండి, ఆ రోజే తొట్టిలో వేసేయండి.