అతిథి ఉపన్యాసము – ఇరవై నిమిషములు
(షోలాపూరు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మేము రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము. సభలలో మాట్లాడే అలవాటు మాకు లేదు. పండుగనాడు ఏదైనా పనికివచ్చే మాట చెప్పవలెనని కార్యదర్శిగారు కోరినందున, మేము ఒకచోట కన్నులారా చూచి వచ్చిన ఒక మంచి పద్ధతిని మీ ముందు మనవి చేసుకొంటాము.

మన ఊరిలో వారమునకొకమారు కూడే సేవాక్లబ్బు ఒకటి ఉన్నది. అందులో డాక్టర్లు, వకీళ్ళు, వ్యాపారస్థులు సభ్యులు. నిరుడు ఆ క్లబ్బువారు మా రిజర్వేషను ఆఫీసుకు కబురు చేసినారు. "వచ్చే మంగళవారము మా సమావేశములో రిజర్వేషను టిక్కెట్ల సంగతి చెప్పవలెను. ఇరవై నిమిషములు మీవి, పది నిమిషములు ప్రశ్నలకు" అన్నారు. అంతటివారు గుమాస్తాలను పిలుచుట ఏమిటని మొదట ఆశ్చర్యపడినాము. పై అధికారి అనుమతి పొంది, మాలో ఇద్దరము బయలుదేరినాము.

అనుకొన్న వేళకు గంట మ్రోగినది. కార్యదర్శి ఆ వారపు పనులు చదివినాడు. ఒక సభ్యుడు లేచి మేమెవరమో, ఏ పని చేస్తామో నాలుగు మాటలలో చెప్పి కూర్చున్నాడు. పొగడ్త లేదు. మాకు కాళ్ళు వణికినవి గాని, చెప్పవలసినది చెప్పినాము. 2024 నవంబరు 1 నుండి 120 రోజుల గడువు పోయి 60 రోజుల ముందునుండి మాత్రమే టిక్కెట్టు తీయ వీలైన సంగతి, 5 ఏండ్లు నిండని బిడ్డకు టిక్కెట్టు అక్కరలేదనీ, 5 నుండి 12 లోపు బిడ్డకు వేరే పడక కావలెనంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగమనీ, ఆర్.ఏ.సి. అంటే కూర్చుండుటకు చోటు ఖాయము, పడక మాత్రము ఖాళీ ఏర్పడినప్పుడేననీ విడమర్చి చెప్పినాము. ఒక వృద్ధ డాక్టరుగారు కాగితముమీద వ్రాసుకొని, మూడు ప్రశ్నలు వేసినారు. వేళ కాగానే సభ ముగిసినది.

ఆ మాటలనే మేము కిటికీ దగ్గర రోజుకు ఎన్నిమార్లు చెప్పుతామో లెక్కలేదు. వెనుక వరుస తొందరపడుతూ ఉండగా ఎవరూ పూర్తిగా వినరు. అక్కడ విన్నారు. పని తెలిసినవానిని పిలిచి, అడ్డుపడక విని, తెలియనిది అడుగుట – ఆ పద్ధతి సారమంతా ఇదే.

ఇది ఎక్కడ పుట్టినదని విచారించినాము. 1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని చికాగో నగరములో పాల్ హారిస్ అనే వకీలు ముగ్గురు స్నేహితులతో కూడి రోటరీ క్లబ్బు మొదలుపెట్టినారు. ఆ ముగ్గురిలో ఒకరు బొగ్గు వ్యాపారి, ఒకరు గనుల ఇంజనీరు, ఒకరు దర్జీ వ్యాపారస్థుడు. ఒకసారి ఒకరి ఆఫీసులో, మరొకసారి మరొకరి ఆఫీసులో వంతులవారీగా కూడేవారు గనుక ఆ పేరు వచ్చినది. ఒక్కొక్క వృత్తివారు ఒకచోట చేరినందున ఒకరి పని మరొకరు తెలిసికొనే అవకాశము కలిగినది. మన దేశములో కలకత్తాలో మొదటి క్లబ్బు ఏర్పడినది. 1962–63లో కలకత్తావాసి నీతీశ్ లాహరీగారు ప్రపంచమంతటి రోటరీకి అధ్యక్షులైనారు. స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు మాత్రము 1989 దాకా నియమము మారలేదు. ఆ ఆలస్యము మనము నేర్చుకొనదగినది కాదు.

ఉపన్యాసములు వింటే ఏమి లాభమని అడుగవచ్చును. 1985లో రోటరీవారు ప్రపంచములో పోలియో లేకుండా చేయవలెనని పూనుకొన్నారు. ప్రభుత్వముతోను, ఆరోగ్య సంస్థలతోను కలిసి పనిచేసినారు. మన దేశములో ఆ రోగము చివరిసారి కనబడినది 2011 జనవరిలో. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతమని పత్రము వచ్చినది. చుక్కలమందు ఎందుకో ముందు ఒకరు తెలియజెప్పవలెను, పదిమంది వినవలెను. ఆ తరువాతనే కాళ్ళు కదులుతవి.

ఇక అసలు సంగతికి వస్తాము. ఆ రాత్రి ఇంటికి పోగా, మాలో ఒకరి పదేండ్ల కూతురు "ఏం చెప్పినవ్ బాపూ?" అని అడిగినది. క్లబ్బులో మరాఠీలో గడగడా చెప్పినవాడు, కూతురికి తెలుగులో మొదలుపెట్టి రెండవ మాటకే మరాఠీలోకి జారినాడు. ఆ పిల్ల "తెలుగుల ఇట్లాంటియి చెప్పనీకె రాదా బాపూ?" అన్నది. అతనికి జవాబు దొరకలేదు. మరునాడు మాకు చెప్పగా, మాకూ దొరకలేదు.

ఆలోచించి చూడండి. మన ఇండ్లలో తెలుగు ఏ పనికి మిగిలినది? అన్నానికి పిలుచుటకు, కోపపడుటకు, పెండ్లి మాటలకు, పండుగకు. బ్యాంకు, మందు, చట్టము, చదువు – వీటికి మరాఠీ, హిందీ, ఇంగ్లీషు. ఆ భాషలు మనకు అన్నము పెట్టినవి; వాటిని నిందించుట కృతఘ్నత. కాని తెలుగులో తెలివైన మాటలు కూడా ఉండునని మన పిల్లలు ఎక్కడ వింటారు?

కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మన మహారాష్ట్రలోని నాగపూరులో, అక్కగారైన భండారు అచ్చమాంబగారి ఇంట ఉండి చదువుకొన్నవారు. మరాఠీలోనూ వ్యాసములు వ్రాసినారు. అంతటివారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించి, చరిత్ర, శాస్త్రములు తెలుగులోనే చదువుకొనే వీలు కలిగించినారు. పరభాష బాగుగా నేర్చుట తెలుగును వదలుటకు కారణము కాదని వారి జీవితమే సాక్ష్యము.

మన సంఘములో ఉపన్యాసములు లేవని కాదు. ఏటికొకసారి ఉగాదికి ఉంటవి. ఒక యేడు ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యముగా వచ్చి, గంటసేపు మాట్లాడినారు. తల్లుల ఒళ్ళలో పిల్లలు నిద్రపోయినారు. తప్పు అతిథిది కాదు. ఏమి చెప్పవలెనో, ఎంతసేపో మనమే వారికి చెప్పలేదు.

కాబట్టి మా మనవి ఇది. నెలకు రెండు ఆదివారములు కూడుదాము. 2016 నుండి రోటరీవారే వారము వారము కూడవలెననే నియమమును సడలించి, నెలకు కనీసము రెండుమార్లు చాలునన్నారు. మనకూ అదే వీలు. ఇరవై నిమిషములు ఉపన్యాసము, పది నిమిషములు ప్రశ్నలు. భాష తెలుగు, తెలుగు రాని అతిథి వస్తే మనలో ఒకరు తెలుగు చేసి చెప్పవలెను. విషయము, వేళ, వినేవారెవరో అతిథికి ముందే తెలుపవలెను. దండలు, శాలువలు అక్కరలేదు. విన్న సారమును పదవ తరగతి పిల్ల ఒకతె నోటుబుక్కులో తెలుగున వ్రాసిపెట్టవలెను.

అతిథులు ఎక్కడ దొరుకుతారంటారా? మన వీధులలోనే ఉన్నారు. షోలాపూరు చద్దరుమీద నెమలి ఎట్లా లేస్తుందో మగ్గము నడిపినవారు చెప్పగలరు. తునికాకు ఏది మంచిదో, వెయ్యి బీడీలు చుట్టుటకు ఎంతసేపు పట్టునో, నడుము నొప్పి ఎప్పుడు మొదలగునో బీడీలు చుట్టే మన అక్కలకు తెలిసినంత ఎవరికి తెలియును? వారి ప్రావిడెంటు ఫండు సొమ్ము ఎట్లా తీసుకొనవలెనో ఆ ఆఫీసులో పనిచేసేవారిని పిలిచి తెలుగులో చెప్పించితే, ఎంతమందికి మేలు! ఆసుపత్రి నర్సమ్మ, బస్సు కండక్టరు, బ్యాంకు గుమాస్తా – అందరూ పిలువదగినవారే.

ఒక అక్క "నాకు మాట్లాడుట రాదు, నన్నెవరు వింటారు?" అనవచ్చును. మేమూ క్లబ్బు గుమ్మములో అదే అనుకొన్నాము. పిలిచినవారు వింటే మాట అదే వచ్చును.

పెద్దలు సమ్మతిస్తే మొదటి ఉపన్యాసము మేమే చేస్తాము. విషయము రైలు టిక్కెట్లు, భాష తెలుగు. ఆ పదేండ్ల పాప ముందు వరుసలో కూర్చుండును. ఆమె అడిగిన ప్రశ్నకు ఆ రోజు జవాబు చెప్పవలెనని ఇప్పటినుండే మాటలు వెతుకుకొంటున్నాము.

ఈ ఉగాది మీ ఇండ్ల సుఖసంతోషములు నింపుగాక. సెలవు.