రిట్రీట్ టీమ్‌లో ఉన్నారా? మాట్లాడటం కంటే ముఖ్యమైన పని ఒకటుంది

ఈరోజు ఎపిసోడ్ రిట్రీట్‌కి వెళ్లేవాళ్ల కోసం కాదు. రిట్రీట్ నడిపించడంలో సాయం చేసేవాళ్ల కోసం. మన పెద్దవాళ్లు దీన్నే "వడకం" అంటారు. ఫాదర్లు, సిస్టర్లు ఏటా వడకానికి వెళ్తారు కదా, అదే స్టూడెంట్స్‌కి రెండు మూడు రోజులు పెడతారన్నమాట.

కాలేజీలో ఫాదర్ గారో, హాస్టల్ సిస్టర్ గారో పిలిచి, "ఈసారి నువ్వు టీమ్‌లో ఉండాలి, ఒక చిన్న గ్రూప్‌ని చూసుకోవాలి" అన్నారనుకోండి. చాలామంది వెంటనే ఏమంటారు? "నాకు బైబిల్ అంత తెలీదు ఫాదర్. నేనే సరిగ్గా ప్రార్థన చెయ్యను. ఇంకొకరికి ఏం చెప్తాను?" అని వెనక్కి తగ్గుతారు. ఇంకొంతమంది దీనికి పూర్తి రివర్స్. మైక్ చేతికొస్తే మూడు రోజులూ వదలరు. చూడటానికి ఇద్దరూ వేరు. కానీ ఇద్దరూ అనుకునేది ఒక్కటే: రిట్రీట్‌లో పని చేసేది మన మాటే అని. అది నిజం కాదు. ఎందుకో చెప్తాను.

1529లో పారిస్‌కి వెళ్దాం. సెయింట్ బార్బ్ అనే కాలేజీలో ముగ్గురు స్టూడెంట్స్ ఒకే గదిలో ఉన్నారు. ఇద్దరికి 23 ఏళ్లు. మూడో ఆయనకి దాదాపు 38. ఆ మూడో ఆయన పునీత లొయోలా ఇన్యాసి వారు, ఇగ్నేషియస్ అంటాం కదా, ఆయన. మిగతా ఇద్దరిలో ఒకరు పీటర్ ఫాబర్. ఇంకొకరు ఫ్రాన్సిస్ జేవియర్, అంటే మన శౌరివారు. మన ఊళ్లలో శౌరి, శౌరయ్య, శౌరిరెడ్డి అనే పేర్లు ఆయన పేరు మీద వచ్చినవే.

అప్పటికి ఇన్యాసి వారు గురువు కాదు. 1537లో గానీ గురుపట్టం అందుకోలేదు. అప్పుడు ఆయన కూడా ఒక స్టూడెంటే. పైగా చదువులో వెనకబడితే, ఆయనకి అరిస్టాటిల్ పాఠాలు చెప్పింది ఫాబర్. ఆ ఫాబర్‌కి లోపల చాలా గందరగోళం ఉండేది. చేసిన పాపసంకీర్తనం సరిగ్గా చేశానా లేదా అని భయం, జీవితంలో ఏమవ్వాలో తెలియని అయోమయం. ఇన్యాసి వారి దగ్గర మంచి మందు ఉంది. మన్రేసా అనే ఊళ్లో తాను గడిపిన ప్రార్థన అనుభవం నుంచి రాసుకున్న ఆధ్యాత్మిక సాధనలు. మరి వెంటనే ఇచ్చేశారా? లేదు. నాలుగేళ్లకు పైగా ఆగారు. ఈలోపు కలిసి చదువుకున్నారు, చెప్పింది విన్నారు, రోజూ మనస్సాక్షిని పరిశీలించుకోవడం నేర్పారు. 1534 మొదట్లో, గడ్డకట్టే చలిలో, ఫాబర్ ఆ సాధనలు చేశాడు. శౌరివారైతే ఇంకా ఆలస్యం. ఆ ఏడాది ఆగస్టు 15న ఏడుగురు స్నేహితులు కలిసి మోంమార్త్ర్ కొండ మీద మాటపట్టు చేశారు. శౌరివారు సాధనలు చేసింది ఆ తర్వాతే. ఎనిమిదేళ్లకి, 1542లో, ఆయన గోవాలో దిగారు.

అంటే ఏంటి? ఒక స్టూడెంట్ తన రూమ్‌మేట్స్‌ని ప్రార్థనలోకి నడిపించాడు. కాబట్టి "నేను ఫాదర్‌ని కాదుగా" అనేది అడ్డంకి కాదు. అలాగే, ఆయన తొందరపెట్టలేదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

ఆ సాధనల పుస్తకం 1548లో మూడవ పౌలు పోపుగారి ఆమోదంతో అచ్చయింది. దాని మొదట్లో 20 సూచనలు ఉంటాయి. టీమ్‌లో ఉండేవాళ్లకి వాటిలో మూడు చాలు.

రెండో సూచన: నడిపించేవాళ్లు విషయం క్లుప్తంగా చెప్పాలి. ఎందుకంటే ధ్యానించేవాళ్లు తమంతట తాము కనుక్కున్న చిన్న విషయం, మనం చెప్పిన పెద్ద ఉపన్యాసం కంటే వాళ్లకి రుచిగా ఉంటుంది. మీ షేరింగ్ పది నిమిషాలు అన్నారా, ఎనిమిదికే ఆపేయండి. ఆ తర్వాత ఇచ్చే అరగంట మౌనాన్ని మాత్రం కట్ చేయకండి. ప్రోగ్రామ్ లేట్ అయినప్పుడల్లా మొదట కోసేది మౌనాన్నే. నిజానికి రిట్రీట్‌కి వచ్చిందే దానికోసం.

పదిహేనో సూచన: నడిపించేవాళ్లు త్రాసులో ముల్లులా మధ్యలో నిలబడాలి. ఇటూ లాగకూడదు, అటూ లాగకూడదు. సృష్టికర్తని, ఆ మనిషిని నేరుగా మాట్లాడుకోనివ్వాలి. మఠజీవితానికి వెళ్లమని కూడా ఆ సమయంలో తోయకూడదు అంటారు ఇన్యాసి వారు. ఆలోచించండి, అంత మంచి విషయానికే తోయొద్దంటే, మిగతా వాటి సంగతేంటి?

పద్నాలుగో సూచన: మనసు సంతోషంతో ఉప్పొంగుతున్నప్పుడు తొందరపడి వాగ్దానాలు, మొక్కులు చేసుకోకుండా చూడాలి. దీని గురించి మళ్లీ చెప్తాను.

ఇప్పుడు ప్రాక్టికల్‌గా చూద్దాం. శుక్రవారం సాయంత్రం పిల్లలు దిగారు. పరీక్షలు, అసైన్‌మెంట్లు, బస్సు ప్రయాణం. అందరూ అలసిపోయి ఉన్నారు. ఆ రాత్రి పదకొండు దాకా సెషన్ పెట్టకండి. రాజుల మొదటి గ్రంథంలో ఏలీయా ఇక చాలు, చచ్చిపోతాను అనుకుని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చెప్పలేదు. తిండి పెట్టి, నిద్రపోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ తిండి పెట్టాడు. హోరేబు కొండ దగ్గర ఆ మెల్లని స్వరం వినిపించింది ఆ తర్వాతే.

ఫోన్లు తీసుకుంటారు కదా. టీమ్ వాళ్లవి కూడా అదే పెట్టెలో పడాలి. ఫోటోలు తీసే ఒక్కరికి తప్ప. ఆయన కూడా దివ్యసత్ప్రసాద ఆరాధనలో మోకరించి ఏడుస్తున్నవాళ్లని తీయకూడదు. ఆ కన్నీళ్లు మన రీల్ కోసం కాదు. ఇంట్లో ఎవరికైనా ఆరోగ్యం బాగోలేదని పిల్లలు చెప్తే, రోజుకొకసారి ఆఫీస్ ఫోన్ నుంచి మాట్లాడనివ్వండి. ఆ బెంగ పెట్టుకుని ఎవరూ ప్రార్థన చెయ్యలేరు.

గ్రూప్ విషయానికొద్దాం. ఎనిమిది మంది ఇంటర్ పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. లూకా సువార్తలో ఎమ్మావు దారి కథ చదివారు. అందులో యేసు ప్రభువు ఆ ఇద్దరితో కలిసి నడుస్తూ, మొదట ఏం మాట్లాడుకుంటున్నారని అడిగారు. ఆయనకి తెలియకనా? వాళ్ల నోటితో చెప్పనిచ్చారు. మొత్తం విన్నాకే లేఖనాలు వివరించారు. మీరూ అదే చెయ్యండి. "ఈ కథలో నీతి ఏంటి?" అనడిగితే క్లాస్‌రూమ్ జవాబు వస్తుంది. "చదువుతుంటే నీకు ఎక్కడ ఆగాలనిపించింది?" అనడగండి. ఎవరూ మాట్లాడకపోతే కంగారుపడొద్దు, కాసేపు ఆగండి. "నేను తర్వాత చెప్తాను అన్నా" అంటే, "సరే తమ్ముడూ" అని వదిలేయండి. తర్వాత చెప్పకపోయినా పర్లేదు.

ఒక్కోసారి ఎవరో ఒక అమ్మాయి అంటుంది, "మా నాన్న తాగొచ్చి రోజూ అమ్మని కొడతాడక్కా, దేవుడు చూడట్లేదా?" అని. అప్పుడు "దేవుడికి ఒక ప్లాన్ ఉంటుందమ్మా" అనకండి. మీకు జవాబు తెలీదు. తెలియనట్టే ఉండండి. "చెప్పినందుకు థాంక్స్ రా. తర్వాత మనం విడిగా మాట్లాడుకుందామా?" అనండి చాలు.

ఇక్కడ చాలా జాగ్రత్తగా వినండి. "ఎవరికీ చెప్పనని ప్రామిస్ చెయ్యక్కా" అంటారు. ప్రామిస్ చెయ్యొద్దు. పాపసంకీర్తనం రహస్యం గురువుది. మీ దగ్గర చెప్పింది పాపసంకీర్తనం కాదు. గ్రూప్‌లో విన్నది బయట కబుర్లలా చెప్పకూడదు, అది కరెక్టే. కానీ ఒకరు చచ్చిపోవాలనుందని చెప్పినా, ఎవరో తనని ముట్టుకుంటున్నారని చెప్పినా, మీరొక్కరే మోయకూడదు. "నువ్వు నాకు ముఖ్యం, అందుకే సిస్టర్ గారికి చెప్దాం, నేను పక్కనే ఉంటాను" అని, ఆ రోజే తీసుకెళ్లండి. చచ్చిపోవాలనుందన్నవాళ్లని ఒంటరిగా వదలకండి. 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక వేధింపు గురించి తెలిస్తే పోలీసులకి తెలియజేయాల్సిందేనని 2012 నాటి పోక్సో చట్టం చెప్తుంది. మన సంస్థ పరువు అని దాచడానికి వీల్లేదు. ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉచితం, ఏ టైమ్‌లోనైనా పలుకుతారు. రిట్రీట్ మొదలవ్వకముందే ఆ నంబర్ రాసిపెట్టుకోండి.

ఇక శనివారం రాత్రి. లైట్లు తగ్గించారు, కీబోర్డ్ మెల్లగా మోగుతోంది, ఆరాధన జరుగుతోంది. ఇద్దరు ముగ్గురు ఏడుస్తున్నారు. ఇక్కడే టీమ్‌కి ఒక శోధన వస్తుంది: ఇంకాస్త మ్యూజిక్ పెంచితే, అమ్మానాన్నల గురించి ఇంకో మాట అంటే, అందరూ ఏడుస్తారు కదా అని. వద్దు. కన్నీళ్లు పవిత్రాత్మ ఇచ్చిన వరమే కావచ్చు. కానీ మనం లాగితే వచ్చినవి సోమవారానికి ఆరిపోతాయి. అప్పుడు ఆ పిల్లవాడు అనుకుంటాడు, "దేవుడు కూడా ఆ మ్యూజిక్కే అన్నమాట" అని. నష్టం అది. ఏడవనివాళ్లు తమలో ఏదో లోపం ఉందనుకుంటారు, అది ఇంకో నష్టం. అదే వేడిలో "ఎవరు ఫాదర్లవుతారు, ఎవరు సిస్టర్లవుతారు, చేతులెత్తండి" అనకూడదు. పద్నాలుగో సూచన ఇందుకే. పిలుపు నిజమైతే నెల తర్వాత కూడా వినిపిస్తుంది.

ఆ రాత్రి మీ పని ఏంటంటే, టిష్యూలు, మంచినీళ్లు అందుబాటులో పెట్టడం. పాపసంకీర్తనం క్యూని మాటలు వినపడనంత దూరంలో నిలబెట్టడం. "నువ్వు వెళ్లావా?" అని ఎవరినీ అడగకపోవడం. చిన్న పనులే. కానీ ఆ పిల్లవాడికీ దేవుడికీ మధ్య ఎవరూ అడ్డం రాకుండా కాపాడేవి ఇవే.

ఆదివారం పూజతో రిట్రీట్ అయిపోతుంది, కానీ మీ పని అవ్వదు. వెళ్లేముందు ఇన్యాసి వారి మనస్సాక్షి పరిశీలన నేర్పి పంపండి. పడుకునేముందు పది నిమిషాలు: రోజులో దొరికిన మంచికి థాంక్స్, చూడ్డానికి వెలుగు అడగడం, రోజంతా ఒకసారి తిరిగి చూసుకోవడం, తప్పుకి క్షమాపణ, రేపటికి సాయం అడగడం. అలారం పెట్టుకోవడానికి ఫోన్ పనికొస్తుంది, చూశారా! వారం తర్వాత ఒక మెసేజ్, నెల తర్వాత ఒకటి. "ప్రార్థన చేస్తున్నావా?" అని కాదు. "ఎలా ఉన్నావ్ రా?" అని.

మీ గ్రూప్‌లో వాళ్లు కొన్నేళ్లకి మీ షేరింగ్‌లో ఒక్క మాట కూడా గుర్తుపెట్టుకోకపోవచ్చు. బాధపడకండి. వాళ్లు దేవుడితో మాట్లాడటం ఆపకపోతే చాలు. ఈసారి టీమ్‌లో ఉండబోయే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్లకి ఈ ఎపిసోడ్ పంపండి. మీ డౌట్స్ కామెంట్స్‌లో రాయండి. ప్రభువు మిమ్మల్ని దీవించుగాక. ఉంటాను.