పార్సెల్ అందలేదంటే...



ఇంటిపని ముగించుకుని, మిగిలిన రెండు మూడు గంటల్లో నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్న స్త్రీలు ఈనాడు ప్రతి వీధిలోనూ కనిపిస్తున్నారు. ఒకరు ఆవకాయ, గోంగూర పచ్చళ్ళు పంపుతారు. ఒకరు మంగళగిరి చీరలు తెప్పించి, ఫోనులో ఫొటోలు పెట్టి అమ్ముతారు. దుకాణం అద్దె లేదు, గుమాస్తా జీతం లేదు. అంతా సవ్యంగానే నడుస్తుంది, ఒక మాట వినపడేదాకా. “ఏవండీ, మీరు పంపిన పార్సెల్ నాకు అందలేదు!”

ఈ మాట చెవిన పడగానే కొందరికి కోపం వస్తుంది. “అందిందని కొరియర్ వాళ్ళు చెబుతూంటే లేదంటుందేమిటి, అబద్ధాలకోరు!” అనుకుంటారు. మరికొందరికి భయం వేస్తుంది. గొడవెందుకని వెంటనే డబ్బు వాపసు చేసేస్తారు. రెండూ తొందరపాటు పనులే. కొన్నావిడ అబద్ధం చెబుతున్నదో లేదో ఆ క్షణంలో మనకు తెలియదు. పార్సెల్ ఎక్కడున్నదో ఆవిడకూ తెలియదు. తెలియవలసిన మూడోవారు ఒకరున్నారు, మోసుకెళ్ళినవారు. ముందు వాళ్ళను అడగాలి, తరువాతనే తీర్పు.

ఒక చిన్న లెక్క చూడండి. పదమూడు వందలు పెట్టి తెచ్చిన చీరను పదిహేను వందలకు అమ్మితే మిగిలేది రెండు వందలు. ఆ చీర దారిలో పోయిందంటే, మళ్ళీ ఆరేడు చీరలు అమ్మితేనే గాని ఆ నష్టం పూడదు. మొహమాటానికి పోయి డబ్బు ఇచ్చేసినా, మొండికేసి మంచి బేరాన్ని పోగొట్టుకున్నా నష్టపోయేది మనమే.

తగాదాలో సగం పార్సెల్ కట్టేటప్పుడే తీరిపోతుంది. చిరునామా కొన్నావిడ చేతనే రాయించి తెప్పించుకోండి. ఇంటి నంబరు, అంతస్తు, దగ్గరలోని గుర్తు, ఫోను నంబరు అన్నీ ఉండాలి. పిన్‌కోడు మరీ ముఖ్యం. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరంకెల సంఖ్యలో మొదటి అంకె ప్రాంతాన్ని చెబుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకు 5. మహారాష్ట్రకు 4. పుణే చిరునామాకు 5తో మొదలయ్యే పిన్‌కోడు ఉన్నదంటే ఎక్కడో పొరపాటు జరిగిందన్నమాట. పంపక ముందే అడగండి.

వస్తువును పెట్టెలో పెట్టేటప్పుడు ఒక ఫొటో, అతికించి చిరునామా రాసిన తరువాత ఒక ఫొటో తీయండి. బరువు వేసిన రసీదు పారేయకండి. రసీదు వెనుక చిన్న అక్షరాలలో షరతులుంటాయి. పార్సెల్ పోతే ఎంతవరకు ఇస్తారు, ఎన్ని రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి అన్నది అక్కడే ఉంటుంది. ఖరీదైన వస్తువయితే బీమా చేయించండి. పోస్టాఫీసులోనూ ఆ సదుపాయం ఉంది. అందుకునేవారు ఓటీపీ చెబితేనే పార్సెల్ ఇచ్చే పద్ధతి ఉంటే, నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే మేలు.

ఇక కొన్నావిడ దగ్గరనుంచి ఫిర్యాదు వచ్చిందనుకోండి. మొదటి జవాబు మర్యాదగా, ఒక గడువుతో ఉండాలి. “మీ పార్సెల్ సంగతి కనుక్కుని శుక్రవారం సాయంత్రంలోగా చెబుతానమ్మా” అంటే చాలు. చెప్పిన రోజున, కొత్త కబురు లేకపోయినా సరే, చెప్పి తీరాలి. ఎదుటివారి అనుమానం పెరిగేది మన మౌనం వల్లనే. తరువాత మూడు విషయాలు అడగండి. ఇంట్లో మరెవరైనా తీసుకున్నారా? వాచ్‌మన్ దగ్గర గాని, పక్కింట్లో గాని ఉన్నదా? ఆ రోజు డెలివరీ కుర్రవాడి దగ్గరనుంచి ఫోను గాని మెసేజి గాని వచ్చిందా?

అదే రోజున కొరియర్ వారికి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. ఫోనులో చెప్పిన మాట గాలిలో కలిసిపోతుంది. ట్రాకింగులో “డెలివర్డ్” అని కనిపించినంత మాత్రాన అది సాక్ష్యం కాదు. ఎవరు సంతకం చేశారు, ఏ సమయానికి, ఏ గుమ్మంలో, ఓటీపీ తీసుకున్నారా, ఫొటో ఉన్నదా అని అడగండి. ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి.

మాకు తెలిసిన ఒకావిడ పుణేకు చీర పంపింది. అందిందని కొరియర్ వారు, అందలేదని కొన్నావిడ. “మీరు మోసం చేశారు” అని కూడా అన్నదట. ఈవిడ మాటకు మాట అనలేదు. సంతకం కాగితం తెప్పించి చూస్తే ఎవరిదో తెలియని పేరు. దాన్ని కొన్నావిడకు పంపి విచారించమన్నది. ఆ అపార్టుమెంటుకు రెండు గేట్లున్నాయి. చీర రెండో గేటు వాచ్‌మన్ గదిలో మూడు రోజులుగా పడి ఉంది! అన్నిసార్లూ ఇలా దొరకదు. ఆవిడే మరోసారి బెంగుళూరుకు పంపిన పచ్చళ్ళు జాడలేకుండా పోయాయి. కొరియర్ వారు షరతుల ప్రకారం కొంత మాత్రమే ఇచ్చారు. కొన్నావిడకు మాత్రం ఈవిడ పూర్తి డబ్బు వాపసు చేసింది, మిగతా నష్టం తానే భరించింది. కష్టమే. కాని కొరియరును ఎంచుకున్నది ఎవరు? మనమే కదా!

చట్టం ఏమంటుందని అడుగుతారేమో. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం ప్రకారం, కొన్నవారికి చేర్చమని రవాణాదారుకు సరుకు అప్పగిస్తే, పైకి చూడడానికి అది కొన్నవారికి అప్పగించినట్లే. ఇది విని సంబరపడకండి. రవాణాదారుతో తగిన జాగ్రత్తగా ఏర్పాటు చేసుకోకపోతే, ఆ నష్టం తనది కాదనే హక్కు కొన్నవారికి ఉందని అదే చట్టం చెబుతుంది. రసీదు, బీమా, సరైన చిరునామా అని ఇందాకటినుంచి చెబుతున్నది అందుకే.

2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు ఇంకా సూటిగా ఉన్నాయి. పెద్ద ఆన్‌లైన్ అంగళ్ళలో క్రమం తప్పకుండా అమ్మేవారు, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లోగా తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. చెప్పిన గడువు దాటి సరుకు అందితే, వరదల వంటి చేతిలో లేని కారణం ఉంటే తప్ప, డబ్బు వాపసు ఇవ్వననడానికి వీల్లేదు. కనుక బేరం కుదరాలని “రెండు రోజుల్లో మీ ఇంట్లో ఉంటుంది” అని రాసేయకండి. నాలుగైదు రోజులు పట్టేదైతే వారం అని రాయండి.

కార్డుతో చెల్లించినవారు తమ బ్యాంకులో అభ్యంతరం పెట్టవచ్చు. అప్పుడు చెల్లింపు సంస్థ మనల్ని సాక్ష్యం అడుగుతుంది. గడువులోగా రసీదు, ఫొటో, డెలివరీ వివరం పంపకపోతే న్యాయం మనవైపు ఉన్నా డబ్బు పోతుంది. అటువంటి మెయిలు వస్తే “తరువాత చూద్దాం” అనుకోవద్దు.

మన పెద్దలకు వి.పి.పి. బాగా తెలుసు. 1877లో తపాలా శాఖ పెట్టిన పద్ధతి అది. పోస్టుమాన్ డబ్బు పుచ్చుకుని కట్ట చేతికిచ్చేవాడు. ఇప్పటి “క్యాష్ ఆన్ డెలివరీ” దాని చెల్లెలే. అందలేదన్న తగాదా ఇందులో తక్కువ. కాని తలుపు దగ్గర “వద్దు” అంటే సరుకు తిరిగి వస్తుంది, పోనూ రానూ ఖర్చులు మన నెత్తిన పడతాయి. కొత్తవారి దగ్గర కొంత డబ్బు ముందుగా తీసుకోవడం మంచిది.

నిజంగా మోసం చేసేవారు లేరా అంటే, ఉన్నారు. ఒకే మనిషి రెండుసార్లు అందలేదంటే మూడోసారి ఓటీపీ లేకుండా పంపకండి. “డబ్బు వాపసు కోసం ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి” అని ఎవరైనా అంటే చేయవద్దు. పిన్ కొడితే డబ్బు మన ఖాతాలోంచి పోతుంది. రావడానికి పిన్ అక్కర్లేదు. మోసం జరిగిందని తెలియగానే 1930 నంబరుకు ఫోను చేయండి.

చివరగా, ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, పేరు, ట్రాకింగ్ నంబరు, ఖర్చు, అందిన రోజు, అంతే. పాలవాడి లెక్క, చాకలి పద్దు రాసుకునే మనకు ఇదేమీ కొత్త విద్య కాదు. “పార్సెల్ అందలేదు” అన్న మాట వచ్చిన రోజున కోపమూ భయమూ పక్కన పెట్టి ఆ పుస్తకం తెరవండి.