ఊపిరితిత్తుల్లో నిలిచే మందు

ఫిల్మ్‌నగర్‌లో పొగ వదిలి, దుమ్ము లేపి షాట్ తీస్తుంటే ఉబ్బసం ఉన్న లైట్‌మన్ చెయ్యి జేబులోని ఇన్‌హేలర్ వెతుక్కుంటుంది. వాపు తగ్గించే స్టిరాయిడ్, శ్వాసనాళాలను వదులుచేసే మందు ఒకే ఇన్‌హేలర్‌లో కలిపి కూడా వస్తున్నాయి. అలాంటి ఇన్‌హేలర్లలో చాలావాటిని రోజుకు రెండుసార్లు పీల్చాలి. ఆ రెంటినీ మెల్లగా కరిగే పాలిమర్ రేణువుల్లో ఇమిడిస్తే ఒక్క మోతాదే ఎక్కువసేపు పనిచేస్తుందని పరిశోధకుల ఆశ.

చిక్కంతా రేణువుల సైజుతోనే. 5 మైక్రాన్లు దాటితే చాలావరకు గొంతులోనే ఆగిపోతాయి. చిన్నవైతే ఊపిరితిత్తుల్లోని రక్షక కణాలు మింగేస్తాయి. 1997లో అమెరికాలో పరిశోధకులు ఎడ్వర్డ్స్, లాంగర్‌ల బృందం భలే ఉపాయం చూపింది: రేణువు పెద్దదే, కానీ మరమరాల్లా గుల్ల. తేలిక కనుక లోపలికి పోతుంది, పెద్దది కనుక ఆ కణాలకు మింగుడుపడదు.

ఆయాసం ముంచుకొచ్చినప్పుడు మాత్రం ఇలా మెల్లగా మందు వదిలే రేణువులు అక్కరకు రావు. వెంటనే పనిచేసే ఇన్‌హేలర్ జేబులో ఉండాల్సిందే.