యంత్రమును వివరించుచు యంత్రకర్తయైన జెఫ్ రాస్కిన్



నాలుగు విద్యలకు చేయి చాచినవాడు ఏ విద్యయందును నిలువజాలడని పెద్దలు చెప్పుట కలదు. బిడ్డలను చదివించు గృహస్థులును, వారికి ధనసాహాయ్యము చేయు దాతలును ఈ మాటను నమ్మియే, యంత్రవిద్య నభ్యసించు బాలునిచేత భాషను, సంగీతమును విడిపించుచున్నారు. ఈ నమ్మకము సరియైనదేనా యని విచారించుటకు అమెరికాదేశపు జెఫ్ రాస్కిన్ గారి చరిత్రము మిక్కిలి యుపకరించునని మేము తలంచుచున్నాము.

రాస్కిన్ గారు 1943లో న్యూయార్కున జన్మించిరి. గణితమును, భౌతికశాస్త్రమును, వానితోబాటు తత్త్వశాస్త్రమును, సంగీతమును చదివి, 1967లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రమునందు పట్టమందిరి. పిమ్మట కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాండియాగో శాఖయందు దృశ్యకళల విభాగమున బోధకులైరి. కంప్యూటర్లు ఇండ్లలోనికి వచ్చు తొలిదినములలో పత్రికలకు వ్యాసములు వ్రాయుచు, యంత్రమును కొన్నవారికి దాని వాడుకవిధమును దెలుపు పుస్తకములను వ్రాసియిచ్చు చిన్న సంస్థను నడపిరి. ఆపిల్ కంపెనీవారు తమ ఆపిల్ 2 యంత్రమునకు బేసిక్ భాషా పుస్తకమును ఈ సంస్థచేతనే వ్రాయించుకొనిరి. 1978 జనవరిలో రాస్కిన్ గారు ఆ కంపెనీయందు 31వ యుద్యోగిగా, ప్రచురణశాఖాధికారిగా జేరిరి.

ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. వాడుకవిధమును వ్రాయువాడు, పాఠకుడు తడబడు చోటులను ముందుగా దానే కనుగొనవలెను. మూడు వాక్యములలో ముగియవలసిన పనిని వివరించుటకు మూడు పుటలు పట్టినచో, లోపము యంత్రమునందే యున్నదని వానికే మొదట దెలియును. ఇట్టి యనుభవము గడించిన రాస్కిన్ గారు 1979లో, సామాన్యులకు సులభమైనదియు, చవుకయైనదియునగు యంత్రమునకు పూనుకొని, తమకు ప్రీతికరమైన యొక ఆపిలుపండు జాతిపేర దానికి మెకింటాష్ అని నామకరణము చేసిరి.

ఆ దారి సుగమము గాలేదు. 1981లో ఆ పనిని స్టీవ్ జాబ్స్ గారు చేపట్టిరి. 1982లో రాస్కిన్ గారు కంపెనీని వీడిరి. 1984లో వెలువడిన మెకింటాష్ ఆయన తలంచినదానికి చాల భిన్నమైనది. పిమ్మట తమ భావము చొప్పున రూపొందించిన క్యాట్ అను యంత్రమును 1987లో కెనన్ సంస్థవారు వెలువరించిరి. దానికి మౌస్ లేదు. రెండు లీప్ మీటలలో నొకదానిని నొక్కిపట్టి కొన్ని యక్షరములు కొట్టినంతనే ఆ మాట యున్న చోటికి పోవచ్చును. అదియు అంగడిలో బహుకాలము నిలువలేదు.

అయినను ఆయన కలము నిలువలేదు. సహజముగా దెలియునదని జనులు పొగడునది నిజమునకు అలవాటైనది మాత్రమేయని 1994లో వ్రాసిరి. 2000లో ప్రకటించిన ది హ్యూమేన్ ఇంటర్‌ఫేస్ అను గ్రంథమున, వాడువాని శ్రమఫలమును యంత్రము చెఱుపరాదనియు, అది చెడుచుండగా జూచి యూరకుండనురాదనియు మొదటి సూత్రముగా నిలిపిరి. సంస్థలకు సలహాలొసగుచునే వాద్యములు వాయించిరి. శాన్‌ఫ్రాన్సిస్కోలో సంగీతనాటకములకు వాద్యబృందమును నడపిరి. నమూనా విమానములను నిర్మించిరి. 2005 ఫిబ్రవరిలో దివంగతులైరి.

యంత్రమును చేయగలవారు మనలో పెక్కురు పుట్టుచున్నారు. దానిని ఇంటనున్న తల్లికి, తాతకు దెలియునట్లు చెప్పగలవారు కొలదిమందియే. కావున యంత్రవిద్యకు వేతనమొసగు దాతలు, ఆ బాలుడో బాలికయో వ్రాయునదియు, పాడునదియు వ్యర్థకాలక్షేపమని తలంపక, ఆ వ్యయమును గూడ భరింతురుగాకయని ప్రార్థించి విరమించుచున్నాము.