జబ్బు చేసిన అప్పు

(సర్వసభ్య సమావేశంలో సంఘం కార్యదర్శి ప్రసంగ పాఠం)



బోనసు సంగతీ క్యాంటీను సంగతీ అధ్యక్షులవారు చెప్పారు. మేము చెప్పవలసింది అజెండాలో చివరి అంశం, మన పొదుపు సొసైటీ గురించి. ఒక సభ్యుడు సొసైటీలోనూ బయట మరి మూడుచోట్లా అప్పు చేసి వాయిదాలు కట్టలేకపోయాడు. ఆయన పేరు కొట్టెయ్యాలని కొందరు సభ్యులు సంతకాలు పెట్టి కాగితం ఇచ్చారు. ఇచ్చినవాళ్ళమీద మాకు కోపం లేదు. సొసైటీ డబ్బంటే మన చెమట. అయితే చెయ్యెత్తే ముందు సంగతి పూర్తిగా వినండి. ఆయనా, ఆయన ఇంటావిడా చెప్పమన్నారు గనుకనే చెబుతున్నాం. పేరు మాత్రం చెప్పం.

ఆ నెలరోజుల్లో ఆయన కొన్నవి ఇవి. రెండు మోటారు సైకిళ్ళు, ఒకటి తనకి, ఒకటి బావమరిదికి. మూడు బరంపురం పట్టుచీరలు. ఫోనులో అప్పు తీసి ఆ డబ్బుతో ఇంకో ఫోను. వీధిలో పిల్లలందరికీ కొత్త చెప్పులు. రాత్రికి రెండు మూడు గంటలే నిద్ర, అయినా అలుపు లేదు. మాట ఆగదు. తానే ఒక మిల్లు పెట్టి అందరికీ పనిస్తానన్నాడు. విన్నవాళ్ళు నవ్వుకున్నారు. తరువాత రెండు నెలలు మంచం దిగలేదు. అప్పులవాళ్ళు తలుపు కొడితే దుప్పటి ముసుగు తీసేవాడు కాదు.

దీనికి ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. రెండేళ్ళకోసారి ఠాకురాణీ జాతర వస్తే బరంపురంలో ఎవరు అప్పు చెయ్యరయ్యా, అదీ జబ్బేనా అని. మంచి ప్రశ్నే. జాతర ఖర్చుకి ఒక తేదీ ఉంటుంది. ఎంత పెట్టామో మనకి లెక్క తెలుసు, పెడుతున్నప్పుడే లోపల బెంగ కూడా ఉంటుంది. జబ్బు ఖర్చుకి తేదీ లేదు, బెంగ లేదు. నిద్ర తగ్గి, మాట పెరిగి, చెయ్యి విచ్చలవిడి అయ్యాయంటే, ఆ మూడూ ఒక్కసారే వచ్చాయంటే, అది మనిషి గుణం కాదు. డాక్టరుకు చూపించవలసిన సంగతి.

ఆయన దగ్గర మూడు చీటీలున్నాయి. ఒక డాక్టరు దిగులు జబ్బని రాశారు. ఇంకొకరు ఆందోళన అన్నారు. మూడో చీటీ తాగుడు మాన్పించడానికి. నిద్ర పట్టడానికని మొదలుపెట్టిన తాగుడది, అంతకుముందు ఆయన సారా ముట్టినవాడు కాడు. పర్లాకిమిడి మహారాజావారి పేర 1962లో మన ఊళ్ళో పెట్టిన మెడికల్ కాలేజీ ఉంది కదా, అక్కడి మానసిక విభాగంలో మూడు చీటీలూ ఒకేచోట పెట్టి చూశాక అసలు జబ్బు బైపోలార్ అని తేలింది. పూర్వం మానిక్ డిప్రెసివ్ అనేవారు. ఆందోళనా తాగుడూ దానిమీద ఎక్కి కూర్చున్నాయి.

ఒక మనిషికి మూడు జబ్బులా, మూడు సాకులా అని గేటు దగ్గర ఎవరో అన్నారట. ఒకే ఒంట్లో షుగరూ బీపీ కాపురం చెయ్యడం లేదా? ఇదీ అంతే. ఒక్కో జబ్బు డబ్బుని ఒక్కో దారిలో లాగుతుంది. ఉద్రేకం వచ్చినప్పుడు అంతా తనదే అనిపించి కొంటాడు. దిగులప్పుడు ఏదో ఒకటి కొంటే మనసు తేలికపడుతుందేమోనని కొంటాడు. ఆందోళన ఉన్నవాడు బ్యాంకు ఉత్తరం విప్పడానికే భయపడతాడు, ఈలోగా వడ్డీ పెరుగుతుంది. తాగుడు సంగతి మీకు చెప్పనక్కరలేదు. అందుకే చీటీలన్నీ ఒకే డాక్టరు ముందు పెట్టాలి. బైపోలార్ ఉన్నవారికి దిగులు మందు ఒక్కటే ఇస్తే కొందరిలో ఉద్రేకం ఎగస్తుంది. చీటీ దాచుకున్నవాడికి ఆ ప్రమాదం తెలిసే దారి లేదు.

చీటీలో ఏం రాశారన్నదాన్నిబట్టి కూలి కూడా మారుతుంది, ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. ఈఎస్ఐలో దీర్ఘకాల జబ్బుల జాబితా ఒకటి ఉంది. అందులో 34 జబ్బులు. మానిక్ డిప్రెసివ్ సైకోసిస్ అందులో పేరుపెట్టి ఉంది. మామూలు ఆందోళన లేదు. రెండేళ్ళ సర్వీసూ, ముందటి నాలుగు చందా కాలాల్లో 156 రోజుల చందా ఉన్న కార్మికుడికి 91 రోజుల సిక్కు సెలవు అయిపోయాక, సగటు రోజుకూలిలో 80 శాతం చొప్పున, డాక్టర్ల సిఫారసు మీద గరిష్ఠంగా రెండేళ్ళ వరకు వస్తుంది. ఆందోళన చీటీ ఒక్కటే పట్టుకు తిరిగి ఉంటే ఆ ఇంటికి ఇది దక్కేది కాదు.

ఆయనకి లిథియం మాత్ర ఇచ్చారు. 1949 నుంచీ వాడుకలో ఉన్న పాత మందు, పనిచేసే మందు. అయితే రక్తపరీక్షలు మానకూడదు. మన పని చెమట పని. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే రక్తంలో ఆ మందు పెరిగి విషమవుతుంది. నడుంనొప్పికని మందుల కొట్టులో అడిగి మింగే బిళ్ళలు, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి, వీటివల్లా పెరుగుతుంది. డాక్టరునడగకుండా వేసుకోవద్దు. చేతులు బాగా వణికినా, వాంతులూ విరేచనాలూ పట్టుకున్నా, తూలినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

రాత్రి షిఫ్టు ఇంకో శత్రువు. నిద్ర చెడితే ఈ జబ్బు తిరగబెడుతుంది. మన గంజాం జిల్లానుంచి లక్షలమంది సూరత్ వెళ్ళి మరమగ్గాలమీద 12 గంటల షిఫ్టులు చేస్తున్నారు. కొన్నాళ్ళు పగలు, కొన్నాళ్ళు రాత్రి. వాళ్ళలో ఎవరైనా ఇంటికొచ్చి పదివేలు పదిమందికీ పంచేస్తే సూరత్ డబ్బు పొగరంటాం. నిద్రపోయి ఎన్నాళ్ళయిందిరా అని అడిగినవాళ్ళు తక్కువ.

ఇక అప్పులవాళ్ళ సంగతి. 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనల ప్రకారం మైక్రోఫైనాన్సు వసూలుదారు ఉదయం 9కి ముందూ సాయంత్రం 6 తరువాతా ఫోను చెయ్యకూడదు, బెదిరించకూడదు. కుటుంబం నెల ఆదాయంలో సగానికి మించి అన్ని అప్పుల వాయిదాలూ పడేలా ఆ అప్పు ఇవ్వకూడదు. ఆయన ఇంటికి ఒక కంపెనీ మనిషి రాత్రి 8 గంటలకు వచ్చి ఆడవాళ్ళని నానా మాటలూ అన్నాడు. ఆ కంపెనీకి సంఘం తరఫున ఉత్తరం రాశాం. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు వెళుతుంది. ఫోను నంబరు 14448.

ఆ అప్పులు చెల్లవు గదా అని కుర్రవాళ్ళు కొందరు అన్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షను ప్రకారం, ఒప్పందం చేసుకునే వేళ మంచిచెడ్డలు తేల్చుకునే స్థితిలో మనిషి ఉండాలి. నిజమే. కాని ఆ వేళ స్థితి బాగాలేదని రుజువు చేసుకోవలసింది మనమే. తీసుకున్న సొమ్ము మనకి మిగిలిపోతుందని దానర్థం కాదు. డాక్టరు తేదీ వేసి రాసిన కాగితం ఉంటే వాయిదాలు సర్దుబాటు చేయించుకోవడానికి బలం వస్తుంది, అంతవరకే. జబ్బు చీటీ ఉన్నంతమాత్రాన మనిషికి మతిలేదని ముద్ర వెయ్యరాదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. రెండూ మనకి కావాలి.

ఇప్పుడాయన కోలుకుని పగటి షిఫ్టు చేస్తున్నాడు. ఒక మోటారు సైకిలు అమ్మేశాడు. ఫోనులో డబ్బు పంపే పరిమితి బ్యాంకులో చెప్పి తానే తగ్గించుకున్నాడు. జీతం ఖాతా ఇద్దరి సంతకంమీద నడుస్తోంది. ఎవరూ ఆయన చెయ్యి పట్టుకుని చేయించలేదు. బాగున్నప్పుడు కూర్చుని, తనకి ఎక్కడ తాళం కావాలో తానే చెప్పాడు. ఇంటావిడ మరీ బిగించబోతే, బీడీలకైనా నన్ను బతకనీ అన్నాడట. న్యాయమే కదా.

కాబట్టి పేరు కొట్టేసే కాగితానికి బదులు కార్యవర్గం ఈ తీర్మానం పెడుతోంది. డాక్టరు చీటీ ఉన్న సిక్కు సెలవు కాలంలో సొసైటీ వాయిదా ఆగుతుంది, వడ్డీమీద వడ్డీ పడదు, అసలు మాఫీ కాదు. ఏ సభ్యుడైనా, జబ్బున్నా లేకున్నా, ఇష్టమైతే ఆఫీసులో ఒక కవరు ఇవ్వవచ్చు. అందులో తాను నమ్మే ఒక్క మనిషి పేరు రాయాలి. ఆ మనిషి వచ్చి చెబితే ఆ సభ్యుడికి కొత్త అప్పు పదిరోజులు ఆగుతుంది. సభ్యుడి తరఫున ఇంకొకరు కవరు రాయడానికి వీల్లేదు. బాగున్నప్పుడు తానే వచ్చి వెనక్కి తీసుకోవచ్చు. డాక్టరు రాసిచ్చిన కార్మికుడికి రాత్రి షిఫ్టు తప్పించాలని యాజమాన్యాన్ని కోరే మాట కూడా ఇందులో ఉంది.

ఇంట్లో ఎవరికైనా ఇలాంటి బాధ ఉండి, నలుగురిలో చెప్పడానికి సంకోచమైతే 14416కి ఫోను చెయ్యండి. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు లేదు.

తీర్మానం ఇప్పుడు తెలుగులోనూ ఒడియాలోనూ చదువుతారు. కాగితంమీద సంతకాలు పెట్టినవాళ్ళకి ముందు మాట్లాడే అవకాశం ఇస్తున్నాం.