పాతపుస్తకాల కొట్టులో దయ్యము

బాలలారా! మదరాసులో సెంట్రలు స్టేషను ప్రక్కన మూరు మార్కెట్టు ఉండెడిది. 1900లో తెరచిన ఆ అంగళ్ల భవనము 1985లో అగ్నికి ఆహుతి అయినది. పాతపుస్తకములకు అది పెట్టినది పేరు. అందలి ఒక కొట్టును గూర్చి నేనల్లిన కథ చెప్పెదను, వినుడు.

రాత్రియైనచో ఆ కొట్టులో టకటకమని చప్పుడు! యజమాని జడిసి కొట్టు అమ్మివేయ నిశ్చయించెను. అమ్మినచో పనికుర్రవాని కూడు పోవును. వాడు లాంతరు పట్టుకొని అలమర వెనుకకు తొంగిచూచెను. ఏమున్నది, చెదపురుగులు! అపాయము తోచినప్పుడు చెదలలో కావలి కాయునవి తలలను కొయ్యకు కొట్టి తక్కినవానిని హెచ్చరించును. ఆ యజమానికంటె అవియే నయము.

కుర్రవాడు నవ్వెను. అంతలో పై అరనుండి ఒక గొంతు, "నవ్వెదవేమిరా? ఈ అపరాధపరిశోధక నవలలో కడపటి పుట అవి తినివేసినవి. హంతకుడెవడో తెలియక ముప్పది యేండ్లుగా ఇచ్చటనే వ్రేలాడుచున్నాను" అని భోరుమన్నది.

కుర్రవాని జుట్టు నిక్కబొడుచుకొన్నది. అదృష్టవశమున వాడా నవల చదివియున్నాడు. "మేనల్లుడండీ!" అని కన్నులు మూసికొనెను.

"నేననుకొంటిని!" అని దయ్యము చప్పట్లు కొట్టి మాయమయ్యెను.

మరునాడు చెదలు దులిపిరి, కొట్టు నిలిచినది. రాత్రి మరల పై అర కిఱ్ఱుమన్నది.

"ఒరే అబ్బాయీ, దీనికి రెండవ భాగమున్నదా?"